వేరే సరుకు ముట్టింది

ఎచ్చెర్ల
3 ఫిబ్రవరి 2025, సోమవారం

తాతయ్యా,

ఈ రోజు మొదటి వింత నీ కవరే. టిఫిన్ల వేళ మా వార్డెన్ అనూరాధ మేడమ్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెస్సులోకి వచ్చారు. నా ఉప్మా పక్కన పెట్టి, "ఇంటికాడ ఏటైనా గొడవా అమ్మా?" అని అడిగారు. ఈ హాస్టలుకు ఉత్తరం వచ్చిన సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదట. కోర్టు నోటీసు అనుకున్నారు. విప్పి చూపించాను. అమ్మమ్మ కుడి చెయ్యి కొంచెం లేస్తున్నదని, మాట ఇంకా రాలేదని, ఫోను చెయ్యవద్దని రాశావు. అంతే. మేడమ్ చదివి, వెనక్కి తిప్పి చూసి, ఇంకేమీ లేదని తేలాక వెళ్ళిపోయారు.

ఫోను ఎందుకు వద్దన్నావో తెలుసు. లారీ ఇంజను పక్కన కూర్చుని కూర్చుని నువ్వు చెవులు పోగొట్టుకున్నావు. ఇన్నాళ్ళూ అమ్మమ్మే ఫోనెత్తి, మేం చెప్పింది నీ మొహం మీద అరిచి చెప్పేది. డిసెంబరులో పక్షవాతం వచ్చి ఆమె నాలుక పడిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఫోను మోగితే వినేవాళ్ళు మాట్లాడలేరు, మాట్లాడేవాళ్ళు వినలేరు. అమ్మానాన్నలు సెలవు అయిపోయి వేలూరు ఆసుపత్రి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఇక మనకు మిగిలినవి ఉత్తరాలే. చెప్పకూడదు గాని, నాకు ఇది కొంచెం సంతోషంగా కూడా ఉంది. తెలుగు ఎం.ఏ.లో చేరినప్పటి నుంచి నాకు మాటల మీద ఆశ ఎక్కువైంది. లైబ్రరీలో త్రినాథ్ గారు పెద్ద నిఘంటువును నా గదికి తీసుకెళ్ళనిస్తున్నారు. ఈ వారం దొరికిన మాట 'ఉపశమనం'. వాడడానికి చోటు వెతుకుతున్నాను. నీకూ పంపుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఏసురాజు పాస్టరు గారు నా బాప్తిస్మం గురించి రెండేళ్ళుగా అడుగుతున్నారు కదా. మన సంఘంలో నీళ్ళలో దిగే ముందు అందరి ఎదుట నిలబడి, 'దేవుడు నీకు ఏమి చేశాడు' అన్న దానికి జవాబు చెప్పాలి. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఒకరికి జ్వరం తగ్గింది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేక వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న దేవుడితో ఒక ఒప్పందం చేశాను. ఈస్టరులోగా అమ్మమ్మ చేత ఒక్క మాట పలికిస్తే, అదే నా సాక్ష్యంగా చెప్పి నీళ్ళలో దిగుతాను. లేదంటే లేదు. ఇరువైపులా న్యాయంగానే ఉందనిపించింది.

నీ మనవరాలు,
షాలిని

సాలూరు
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

అమ్మా షాలినీ,

నీ ఉత్తరం చేరింది. చదవడానికి జయపురం ఘాటు రోడ్డు ఎక్కి దిగినంత సేపు పట్టింది. అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివాను. ఎంత గట్టిగానో నాకు తెలియదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి విన్నారని పక్కింటి జగ్గమ్మ సైగలు చేసి చెప్పింది. కాబట్టి నీ ఒప్పందం ఇప్పుడు మన వీధి అంతటికీ తెలుసు.

శుక్రవారం శుక్రవారం సంఘం మన ఇంట్లో ఉపవాస ప్రార్థన పెడుతున్నది. అడిగేది నాలుక ఒక్కటే. పాస్టరు గారు మీ అమ్మమ్మ పేరు జ్ఞానసుందరి అని చెప్పి, ఊరు చెప్పి, వీధి చెప్పి అడుగుతున్నారు. నాకు వినపడదు గాని పెదవులు చూస్తే తెలుస్తుంది. పొరపాటు జరగడానికి ఆస్కారం లేదు. నేను కూడా ఒకటి అనుకున్నాను. ఆవిడ నోరు విప్పితే కృతజ్ఞత కూడిక పెట్టి, సంఘానికంతా పులిహోర, కోడికూరతో భోజనం పెడతాను.

భోజనం ముందు ప్రార్థన ఇప్పుడు నేనే చేస్తున్నాను. ఆవిడ చేసినప్పుడు ఎంత పొడుగ్గా చేసేదో నీకు తెలుసు. నేను ఒక కన్ను తెరిచి, పెదవులు ఆగాయో లేదో చూసుకుని ఆమెన్ అనేవాణ్ణి. అప్పటికి అన్నం చల్లారిపోయేది. ఇప్పుడు వేడిగా తింటున్నాం. బాగోలేదు.

నువ్వు పంపిన ఉపశమనం అందింది. మా ఇంట్లో వాడడానికి ఇంకా అవకాశం రాలేదు.

త్రినాథ్ ఎవరు?

మీ తాత,
ఎలీషా

ఎచ్చెర్ల
1 మార్చి 2025, శనివారం

తాతయ్యా,

నీ మీద నాకు కోపంగా ఉంది. ఇంత పెద్ద సంగతి నాకు పాస్టరు గారి నోటి నుంచి తెలియాలా?

నిన్న సాయంత్రం ఆయన ఫోను చేశారు. "ప్రార్థనకు జవాబొచ్చింది తల్లీ, మీ ఇంట అద్భుతం జరిగింది" అన్నారు. వెనక నుంచి ఎవరో పాట పాడుతున్నారు, సగం మాటలు వినపడలేదు. నాకూ అడగాలనిపించలేదు. ఆ అద్భుతం ఏదో నాకు తెలుసు కదా. ఫోను పెట్టేసి హాస్టలు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి లడ్డూలు కొని గది గదికీ పంచాను. అనూరాధ మేడమ్‌కు రెండు ఇచ్చాను. ఆవిడ దేవుడు వేరే అయినా, 'మంచిదమ్మా, మంచిదమ్మా' అంటూ రెండూ తిన్నారు. మళ్ళీ పాస్టరు గారికి ఫోను చేసి, ఈస్టరు బాప్తిస్మానికి నా పేరు రాసుకోమన్నాను. ఆయన కూడా ఏడ్చారు.

మొదట ఏ మాట అన్నది? నీ పేరా, అమ్మ పేరా, దేవుడి పేరా? నా సాక్ష్యం ఆ మాటతో మొదలుపెడదామని కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ ఖాళీ వదిలి మిగతాదంతా రాసేశాను. చాలా బాగా వచ్చింది. వెంటనే రాయి. నీ ఉత్తరం కూర్చుని చదివే ఓపిక నాకు ఉండదు, గేటు దగ్గరే నిలబడి చదువుతాను.

నీ జవాబు కోసం ఎదురు చూస్తూ,
షాలిని

సాలూరు
6 మార్చి 2025, గురువారం

అమ్మా షాలినీ,

ముందు కూర్చో. అమ్మమ్మ మాట్లాడలేదు.

జరిగింది రాస్తాను. గొంతు కూడా ఒకసారి చూపించమని ఇక్కడి డాక్టరు చెప్తే కిందటి వారం ఆవిణ్ణి విజయనగరం తీసుకువెళ్ళాను. గొంతు చూసే డాక్టరే చెవులూ చూస్తారట. గదిలో డాక్టరమ్మ ఎదురుగా తిరిగే స్టూలు ఒకటి, గోడ వారగా బెంచీ ఒకటి ఉన్నాయి. నేను ఏ గదిలోకి వెళ్ళినా ముందు సీటులోనే కూర్చుంటాను. జీవితమంతా అదే అలవాటు. అమ్మమ్మను క్లీనరు వైపు కూర్చోబెట్టినట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, నేను స్టూలు ఎక్కాను.

డాక్టరమ్మ మూతికి గుడ్డ కట్టుకుంది. పెదవులు కనపడవు. ఏదో అడిగింది, తలూపాను. ఇంకేదో అడిగింది, తలూపాను. చెకింగు ఆఫీసరు ఎదుట ఎప్పుడూ అలాగే చేసేవాణ్ణి, పని జరిగిపోయేది. ఆవిడ లైటు పెట్టి నా చెవిలోకి చూసింది. రోగిని తెచ్చినవాడి చెవి ముందు చూడడం ఇక్కడి పద్ధతి కాబోలు అనుకున్నాను. బెంచీ మీద అమ్మమ్మ ఎడమ చెయ్యి ఎత్తి ఆపబోయింది. డాక్టరమ్మ ఆవిడ భుజం తట్టి ధైర్యం చెప్పి వచ్చింది. చెప్పడానికి నోరున్న నాకు ఏం జరుగుతున్నదో తెలియదు, తెలిసిన ఆవిడకు నోరు లేదు. అప్పుడు అమ్మమ్మ నవ్వింది. సగం మొహమే నవ్వింది. డిసెంబరు తర్వాత అదే మొదలు.

చెవిలో గోరువెచ్చని నీళ్ళు కొట్టి, కొక్కెంలాంటిది పెట్టి లాగితే నానిన చింతగింజంత ముద్ద వచ్చింది. రెండో చెవిలోనూ అంతే. ఘాటు మీద చలిగాలికి ఎప్పుడో కుక్కుకున్న దూది లోపలే ఉండిపోయి, దాని మీద గుమిలి పేరుకుపోయిందట. ఇంజను వల్ల చెవులు పోయాయని ఊరంతా అనేది, నేనూ అనేవాణ్ణి. లోపలికి చూసినవాళ్ళు లేరు.

మొదట ఫ్యాను వినపడింది. తర్వాత డాక్టరమ్మ కాగితం చూసి అడిగింది వినపడింది. "జ్ఞానసుందరి అంటే మీరేనా?"

కాదు, ఆవిడ అని చూపించాను. డాక్టరమ్మ కాసేపు ఎవరి వైపూ చూడలేదు. తర్వాత అమ్మమ్మ గొంతు చూసి, గొంతులో లోపం లేదు, దెబ్బ మెదడులో తగిలింది, కాలమే చెప్పాలి అన్నది.

మరునాడు పాస్టరు గారు వెనక నుంచి మోటారు సైకిలు హారను కొడితే తిరిగి చూశాను. ఆయన బండి దిగి రోడ్డు మీదే మోకరించారు. ఆ సాయంత్రం నీకు చేసిన ఫోను దాని గురించే.

ఇప్పుడు నాకు కొళాయి వినపడుతుంది. కోళ్ళు వినపడతాయి. జగ్గమ్మ ఇంట్లో టీవీ గోడలోంచి వినపడుతుంది. ఆవిడ ఒక్కతే వినపడదు. ఇరవై ఏళ్ళు ఆవిడ నాతో మాట్లాడింది, అప్పుడు నేను లేను. ఇప్పుడు నేను వచ్చాను.

లడ్డూల సంగతి ఏం చేస్తావో చూసుకో.

ఎలీషా

ఎచ్చెర్ల
12 మార్చి 2025, బుధవారం

తాతయ్యా,

నిలబడే చదవడం మొదలుపెట్టాను. మొదటి వరుస కాగానే గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాను.

తిన్న లడ్డూలు వెనక్కి రావు. మేడమ్ ఎదురైనప్పుడల్లా, "మీ అమ్మమ్మ ఏటంటన్నాది?" అని అడుగుతున్నారు. బాగానే ఉంది అంటున్నాను. నా సాక్ష్యంలో ఆ ఖాళీ అలాగే ఉంది.

బాప్తిస్మం నుంచి నా పేరు తీసేయమని పాస్టరు గారికి చెప్పాను. దేవుని మార్గాలు మన మార్గాలు కావు అన్నారు. అది నేను సండే స్కూల్లోనే నేర్చుకున్నాను. కానీ పేరు, ఊరు, వీధి అన్నీ చెప్పి అడిగారు కదా, ఇల్లు సరిగ్గా పట్టుకున్నవాడు మనిషి దగ్గర ఎలా తప్పాడు అని అడిగాను. ఆయన, భోజనం చేశావా అని అడిగారు.

నీకు చెవులు వచ్చినందుకు నేను సంతోషించాలి. ప్రయత్నిస్తున్నాను. నీ మీద కోపం లేదు. దేవుడు లేడని కూడా అనడం లేదు. ఉండి ఇలా చేశాడనే నా బాధ.

ఇంకో సంగతి. వినపడుతుంది కదా అని నీకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ చేశాను. ఎందుకు ఎత్తవు?

త్రినాథ్ గారు లైబ్రరీలో అటెండరు. జూనులో రిటైరు అవుతారు. కిందటి నెల ఆయన మనవడికి అక్షరాభ్యాసం చేశారు. ఇంకా వివరాలు కావాలంటే అడిగి రాస్తాను.

షాలిని

సాలూరు
23 మార్చి 2025, ఆదివారం

అమ్మా షాలినీ,

త్రినాథ్ గారికి నా వందనాలు చెప్పు.

ఫోను మోగడం వినపడింది. ఎత్తుదామని చెయ్యి చాపాను. అమ్మమ్మ మంచం మీద నుంచి చూస్తున్నది. ఆ ఫోను ఎప్పుడూ ఆవిడే ఎత్తేది. ఆవిడ చూస్తుండగా నేను అందులో మాట్లాడలేను. ఉత్తరాలు రాసుకుందాం.

పాస్టరు గారు కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెడతావని అడుగుతున్నారు. నాలుకకు ఒప్పుకున్న కూడిక చెవులకు పెట్టను అన్నాను. పోనీ సాక్ష్యమైనా చెప్పమన్నారు. ఏమని చెప్పను? మేలు జరగలేదంటే అబద్ధం. సంతోషంగా ఉన్నానంటే అది ఇంకో అబద్ధం. అందుకని సంఘం గుడికి వెళ్ళడం మానేశాను. ఇవాళ కూడా వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుంటే ఆ పాటలు వినపడుతున్నాయి. ఇంతకు ముందు ఆ ఇబ్బంది ఉండేది కాదు.

జగ్గమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆవిడ అంతా విని, "మీ దేవుడు సెవికీ నాలిక్కీ తేడా ఎరగడేటి బావా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పెద్దవాణ్ణి గనక ఏదో ఒకటి సర్ది చెప్పాలి. లేచి అమ్మమ్మకు మంచినీళ్ళు పట్టాను.

ఒక సంగతి రాయకూడదు అనుకున్నాను. రాస్తున్నాను. తెల్లవారుజామున అమ్మమ్మ మూలుగుతుంది. చాలా సేపు. జనవరి నుంచీ ఉందట. ఇంట్లో ఉన్న నాకే తెలియదు, గోడ అవతల జగ్గమ్మకు తెలుసు. నొప్పి అనుకుని, రోజూ వచ్చి పడిపోయిన కాలికి నువ్వులనూనె రాస్తున్నది. ఇప్పుడు నాకూ వినపడుతుంది. ఇది వినడానికా నాకు ఈ చెవులు ఇచ్చింది?

ఎలీషా

ఎచ్చెర్ల
30 మార్చి 2025, ఆదివారం

తాతయ్యా,

అమ్మకు ఫోను చేసి నొప్పి మాత్ర పేరు అడిగాను. వెనక రాశాను. అన్నం తిన్నాకే ఇవ్వాలట.

నేను ప్రార్థన మానేశాను. పంతం కాదు. మోకరిస్తే అమ్మమ్మ మూలుగే గుర్తుకు వస్తున్నది, ఆ తర్వాత ఆయనతో ఏం మాట్లాడాలో తోచడం లేదు. రెండు నెలల్లో నిఘంటువులో ఎన్నో మాటలు నేర్చుకున్నాను. ఒక్కటీ అక్కడ పనికి రాలేదు.

ఈస్టరుకు ఊరు రాను. అందరూ నీళ్ళలో దిగుతుంటే గట్టు మీద నిలబడి చూడడం నా వల్ల కాదు. నాకు పరీక్షలు ఉన్నాయని అమ్మమ్మకు చెప్పు.

షాలిని

సాలూరు
13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం

అమ్మా షాలినీ,

మాత్ర కొన్నాను. ఇవ్వలేదు. అది నొప్పి కాదు.

ఎలా తెలిసిందో చెప్తాను. మూలుగు మొదలైనప్పుడు లేచి మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే తీసేసింది. కళ్ళు మూసుకునే ఉంది. సరే అని ఊరికే విన్నాను. ఆ గొంతు ఒక చోట లేస్తుంది, ఒక చోట దిగుతుంది, కాస్త ఆగి మళ్ళీ బయల్దేరుతుంది. మర్నాడూ విన్నాను. అదే చోట లేచింది, అదే చోట ఆగింది. మూడో రోజుకి నేను ఆ రోడ్డు గుర్తు పట్టాను. నా చెవులు పోకముందు ఎన్ని ఏళ్ళు ఆ దారిలో తిరిగానో.

అది ఆవిడ ప్రార్థన. మాటలు లేవు, దారి మాత్రం అదే. ముందు తెల్లవారినందుకు స్తోత్రం. తర్వాత మీ అమ్మ, మీ నాన్న. తర్వాత నువ్వు. ఆ తర్వాత సంఘంలో జబ్బుపడ్డవాళ్ళు, జగ్గమ్మ గేదెలు. చివరకు ఘాటు మీద లారీ డ్రైవర్లు. అక్కడ ఆవిడ ఎప్పుడూ చాలా సేపు ఆగుతుంది, అది నా కోసం. నేను స్టీరింగు వదిలి పదేళ్ళయింది. ఇంకా నన్ను ఘాటు ఎక్కిస్తూనే ఉంది. ఆఖరున తల కొంచెం ఎత్తింది. ఆమెన్ అన్నాను. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు అన్నట్టు చూసింది.

నీ దగ్గరకు వచ్చేసరికి ఆవిడ గొంతు బాగా దిగుతుంది. లోడు బండి మలుపులో దిగినట్టు, నెమ్మదిగా.

జగ్గమ్మకు చెప్పాను. చేతిలో నూనె సీసా అలాగే పట్టుకుని, "అయితే ఇన్నాళ్ళూ నాను పార్దనకి నూని రాసినానేటి బావా?" అంది. అయినా మానలేదు. కాలికి మంచిదేనట.

ఆ రోజు అన్నం వడ్డించి, నేను ప్రార్థన చెయ్యకుండా ఊరుకున్నాను. ఆవిడ నన్ను చూసి, కంచం చూసి, కళ్ళు మూసుకుంది. మొత్తం దారి తిరిగి వచ్చింది. అన్నం చల్లారింది. నెలల తర్వాత చల్లటి అన్నం తిన్నాం. నువ్వు పంపిన ఉపశమనం ఇక్కడ వాడుతున్నాను. సరిగ్గా పడిందో లేదో త్రినాథ్ గారిని అడుగు.

ఇవాళ గుడికి వెళ్ళాం. అమ్మమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి మొదటి వరుసలో పెట్టాను. పాస్టరు గారు మైకు ఇచ్చారు. నేను ఇలా చెప్పాను.

"నాను డ్రైవర్ని. ఒకపాలి జయపురంలో బట్టల షాపు పార్టీకి సింతపండు బస్తాలు అట్టుకెళ్ళినాను. గోడౌనోల్లు గుడ్డల మూటలకి బదులు అవి ఎక్కించీసినారు. ఆ సావుకారు నన్ను తిట్టనేదు. బండిని ఎనక్కీ పంపనేదు. బస్తాలు దించుకున్నాడు. సరుకు సలాను మీద సంతకం పెట్టి, పక్కన రాసినాడు, 'ముట్టింది, గాని నానడిగింది ఇది కాదు' అని. నా సంగతీ అంతే. నాలిక అడిగితే సెవులొచ్చినాయి. దించుకున్నాను. సంతకం పెడతన్నాను. పక్కన రాస్తన్నాను కూడా. నాలిక ఇంకా అడుగుతునే ఉంటాను."

మైకు ఇచ్చేశాను. ఆమెన్ అనాలో వద్దో తెలియక సంఘమంతా పాస్టరు గారి వైపు చూసింది. పాస్టరు గారు చేతిలో మట్ట వైపు చూశారు. అప్పుడు అమ్మమ్మ 'ఊఁ' అంది. ఆవిడ ఆమెన్ అందని అందరూ చప్పట్లు కొట్టారు. అది ఆమెన్ కాదు, ఇక కూర్చో అని. నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాదీ వేగావతిలో నీళ్ళు లేవు. ఎప్పటిలాగే బాప్తిస్మానికి ఏటి ఇసుకలో గొయ్యి తవ్వాలి. శనివారం పొద్దున్న తవ్వితే ఆదివారం తెల్లారేసరికి నీళ్ళు ఊరి తేరుకుంటాయి. ఈసారి ఆ పని నేను అడిగి తీసుకున్నాను. నీ పేరు కొట్టేశారు. నేను మాత్రం గొయ్యి నీ పొడుగుకు సరిపడా తవ్వుతాను. వస్తే రా. రాకపోతే ఇసుకే కదా, దానంతట అదే పూడిపోతుంది.

మీ తాత,
ఎలీషా

ఎచ్చెర్ల
18 ఏప్రిల్ 2025, శుభ శుక్రవారం

తాతయ్యా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. త్రినాథ్ గారికి నీ ఉపశమనం వాక్యం వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నిఘంటువులో ఇచ్చిన ఉదాహరణ కంటే ఇదే బాగుందన్నారు.

రాత్రి ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. మాటలు రాలేదు. ఇంతకు ముందైతే లేచిపోయేదాన్ని. అమ్మమ్మ దారిలో వెళ్ళి చూశాను. మాటలు లేకుండా అమ్మ, నాన్న, నువ్వు. అమ్మమ్మ దగ్గర ఆగాను. అక్కడ చాలా సేపు పట్టింది. ఏమీ అడగలేదు. కాదు, అడిగాను. నాలుకే అడిగాను.

పొద్దున్న పాస్టరు గారికి ఫోను చేశాను. నా పేరు కొట్టేయలేదట, పెన్సిలుతో రాసి ఉంచారట. ఒప్పందం ప్రకారం నేను దిగక్కర్లేదు, దేవుడు తన వంతు చెయ్యలేదు. ఆ ఒప్పందం నేనే చింపేశాను. ఖాళీ వదిలి రాసిన సాక్ష్యాన్ని కూడా చింపేశాను. చాలా బాగా వచ్చిందని రాశాను కదా, మళ్ళీ చదివితే అంత బాగా లేదు. దేవుడు నీకు ఏమి చేశాడని అడిగితే, అడిగింది ఇంకా ఇవ్వలేదని చెప్తాను. ప్రతి తెల్లవారుజామునా నా దగ్గరకు వచ్చేసరికి నెమ్మదించే మనిషిని ఒకరిని ఇచ్చాడని, అది నేను అడగలేదని చెప్తాను. అది చాలదంటే గట్టు మీద కూర్చుంటాను. గట్టు మీద కూడా ఎవరో ఒకరు ఉండాలి.

మేడమ్ మళ్ళీ అడిగారు, అమ్మమ్మ ఏమంటున్నదని. ఈసారి నిజం చెప్పాను. చాలా అంటున్నది, తాతయ్యకు వినపడుతున్నది అన్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేపు పొద్దున్న చిలకపాలెంలో మొదటి బస్సు ఎక్కి, రాజాం మీదుగా రామభద్రపురం వచ్చి, అక్కడి నుంచి సాలూరు వస్తాను. ఇంటికి వెళ్ళి అమ్మమ్మను చూసి, వెంటనే ఏటికి వస్తాను. నువ్వు రెండో పార తెచ్చి ఉంచు అని రాయబోయాను. కానీ ఇది నీ చేతికి వచ్చేసరికి నేను నీ ఎదుటే ఉంటాను. అందుకని దారిలో జగ్గమ్మ గారిని అడిగి పార నేనే తెస్తాను. నువ్వు గట్టు మీద కూర్చుని ఇది చదువుతూ ఉండు. ఆ లోపల నేను తవ్వుతుంటాను.

షాలిని